పాపిల్లరీ అని సంతకం పెట్టే ముందు: వేషం మార్చిన థైరాయిడ్ గడ్డలను పట్టుకునే దారి

థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా పాపిల్లరీ రకమే. అందుకే సూది పరీక్ష స్లైడులో కణ కేంద్రకం మీద గోధుమ గింజకు ఉన్నట్టు ఒక గాడి, లోపల గుండ్రటి బుడగ లాంటి ఖాళీ కనిపించగానే చేయి తనంతట తానే ఆ పేరు రాసేస్తుంది. చాలాసార్లు ఆ చేయి తప్పు చేయదు. చేసే ఆ కొద్దిసార్ల గురించే ఇక్కడ రాస్తున్నాను.

నేను అనంతపురంలో పాథాలజిస్టుని. జిల్లా ఆసుపత్రుల్లో, చిన్న ల్యాబుల్లో ఒంటరిగా సంతకాలు పెట్టే కుర్ర డాక్టర్లకు ఇది పనికొస్తుంది. ఇంట్లో ఎవరికో వచ్చిన రిపోర్టు పట్టుకుని బెంగళూరుకు పోవాలా, వెల్లూరుకు పోవాలా అని టెన్షన్ పడుతున్నవాళ్ళకు కూడా అర్థం కావాలని తెలుగులో రాస్తున్నాను. అరుదైన గడ్డలన్నిటి పేర్లూ గుర్తుండక్కర్లేదు. ఏ పేరు పెట్టబోతున్నా, ఆ పేరుతో పొసగని సంగతి ఒక్కటైనా ఉందా అని వెతకాలి. ఉంటే సంతకం ఆపాలి. కింద రాసిన మెట్లన్నీ ఆ పొసగనిదాన్ని వెతకడానికే.

మొదటి మెట్టు: సూది తీయకముందు నోరు తెరవండి

మా దగ్గరికి వచ్చే కాగితం మీద సాధారణంగా ఉండేది మూడు ముక్కలు: పేరు, వయసు, ‘థైరాయిడ్ గడ్డ, ఎఫ్‌ఎన్‌ఏసీ చేయగలరు’ (అంటే సూది పరీక్ష). అరుదైన గడ్డ తప్పిపోయేది మైక్రోస్కోపు దగ్గర కన్నా ఎక్కువగా ఈ కాగితం దగ్గరే.

గుత్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వేరేచోట చేసిన పరీక్షలో ‘ఫాలిక్యులర్ నియోప్లాజం’, అంటే థైరాయిడ్ గుండ్రటి అరల (ఫాలికిల్స్) కణాల గడ్డ, అని ఉంది. ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా అంటే ఏమీ లేదన్నాడు. అతను బల్ల మీద పడుకుంటున్నప్పుడు చొక్కా పైకి లేచింది. నడుము పక్కన జానెడు కుట్ల మచ్చ. ఇదేమిటని అడిగితే కొడుకు చెప్పాడు: “అది కిడ్నీ, మేడమ్. గడ్డ ఉండాదని తీసేసినారు. తొమ్మిదేండ్లయింది. బాగైపోయింది గదా, దాన్ని చెప్పాల్నా?”

చెప్పాల్సింది అదే. కిడ్నీ క్యాన్సర్ ఏళ్ళ తర్వాత, ఒక్కోసారి పది, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా థైరాయిడ్‌లో తేలుతుంది. వేరేచోట పుట్టి థైరాయిడ్‌కు పాకిన గడ్డల్లో కిడ్నీవే ఎక్కువగా బయటపడతాయి. అప్పటినుంచి నేను ‘ఏమైనా జబ్బుందా’ అని అడగడం మానేశాను. నయమైనదాన్ని మనవాళ్ళు జబ్బుగా లెక్కపెట్టరు. ‘ఒంట్లోంచి ఎప్పుడైనా ఏదైనా తీసేశారా, కుట్లు ఎక్కడైనా ఉన్నాయా’ అని అడుగుతాను.

రెండో ప్రశ్న గడ్డ వయసు. ఏళ్ళుగా ఉన్నది వేరు, ఉగాదికి లేనిది శ్రీరామనవమికి నిమ్మకాయంత అయిందంటే వేరు. మూడోది ఇంటివాళ్ళ గురించి: ఎవరికైనా థైరాయిడ్ తీసేశారా, చిన్న వయసులో పెద్దపేగు ఆపరేషన్ అయిందా, కుర్ర వయసులోనే బీపీ విపరీతంగా పెరిగి ఎవరైనా హఠాత్తుగా పోయారా. మేనరికాలున్న ఇళ్ళలో ఈ చుట్టరికం చెట్టు గీయడానికి పావుగంట పడుతుంది, మేనమామే మామగారు కూడా కాబట్టి. అయినా గీయండి. విడవకుండా వచ్చే నీళ్ళ విరేచనాలు, ముఖం ఎర్రబడి వేడెక్కడం ఉన్నాయేమో అడగండి. అవి మెడ్యులరీ కార్సినోమా (థైరాయిడ్‌లో క్యాల్సిటోనిన్ హార్మోన్ తయారుచేసే కణాల క్యాన్సర్) ఆనవాళ్ళు కావచ్చు. గొంతు గడ్డకు వచ్చినవాళ్ళు విరేచనాల గురించి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఇక కిడ్నీలో రాళ్ళు, ఎముకల నొప్పులు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉరవకొండ ప్రాంతం నుంచి నలభై దాటిన ఒకావిడ వచ్చింది. థైరాయిడ్ ఎడమవైపు కింద చిన్న గడ్డ. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పులు, రెండుసార్లు రాళ్ళు పడ్డాయి. “మా ఊరి నీళ్ళు అట్లాంటివి, మేడమ్” అంది. మా జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళున్న పల్లెలు ఎన్నో కాబట్టి నేనూ తలూపాను. స్లైడులో చిన్న చిన్న గుండ్రటి గుంపులు, థైరాయిడ్ అరల్లో ఉండే జిగురు, కొల్లాయిడ్, దాదాపు లేదు. ఫాలిక్యులర్ నియోప్లాజం అని రాశాను. సగం థైరాయిడ్ తీశారు. ముక్క నా దగ్గరికే వచ్చింది. చూస్తే అది థైరాయిడే కాదు. థైరాయిడ్ లోపల దాక్కున్న పారాథైరాయిడ్ గడ్డ, అంటే రక్తంలో క్యాల్షియంను అదుపు చేసే చిన్న గ్రంథిది. ఎవ్వరం క్యాల్షియం పరీక్ష చేయించలేదు. ఆపరేషనైన రెండో రాత్రి ఆవిడ వేళ్ళు తిమ్మిరెక్కి వంకర్లు పోయాయి, క్యాల్షియం ఒక్కసారిగా పడిపోయి. ఎందుకో డ్యూటీ డాక్టరుకు అర్థం కాలేదు, ఎందుకంటే నా రిపోర్టులో ఆ మాటే లేదు.

రాళ్ళున్నా, ఎముకలు నొప్పెట్టినా నీళ్ళ మీద నెట్టేయకండి. రక్తంలో క్యాల్షియం చూడటం ఏ చిన్న ల్యాబులోనైనా అయ్యే పని. పైస్థాయి సాధారణంగా డెసిలీటరుకు 10.5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అది దాటితే పారాథార్మోన్ (పారాథైరాయిడ్ హార్మోన్, పీటీహెచ్) పరీక్ష చేయించండి.

రెండో మెట్టు: సూది, ఫ్యాను, స్పిరిట్

స్కానింగ్ చూస్తూ సూది వేయడం మంచిది. సూది 23 నుంచి 27 గేజి లోపు చాలు. నేను 25 వాడతాను. రెండు మూడు చోట్ల గుచ్చాలి. ‘ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు’ అన్న సామెత ఇక్కడ పనికిరాదు. ఈ కుండలో మెతుకులన్నీ ఒకేలా ఉడకవు.

ఇక మన రాయలసీమ సమస్య. ఏప్రిల్, మే నెలల్లో గది లోపలే 38, 40 డిగ్రీలు. పైన ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతుంటుంది. స్లైడు మీద పరిచిన కణాలు స్పిరిట్‌లో పడేలోపే ఎండిపోతాయి. అలా ఎండినదాన్ని పాపనికొలో అనే రంగు వేస్తే కేంద్రకాలు ఉబ్బి, పాలిపోయి, లోపలి వివరం చెరిగిపోతుంది. పెద్ద కేంద్రకం, పాలిపోయిన రంగు చూసి కుర్రవాళ్ళు పాపిల్లరీ అనుకుంటారు. మైక్రోస్కోపు ముందు ఎంత తెలివి చూపినా ఈ తప్పు దిద్దుకోలేరు. సూది తీసే ముందు ఫ్యాను ఆపండి. 95 శాతం ఆల్కహాల్ ఉన్న గాజు జాడీ మూత తీసి చేతికి అందేంత దగ్గర పెట్టుకోండి. పరవడం, ముంచడం ఒకే ఊపులో అయిపోవాలి.

ఒక స్లైడు తడిగా ఉండగానే ఆల్కహాల్‌లోకి వెళ్ళాలి. ఇంకొకటి కావాలనే గాలికి ఆరనివ్వాలి, జీమ్సా రంగు కోసం. కేంద్రకం సంగతి మొదటిది చెబుతుంది. కణం చుట్టూ ఉన్న పదార్థం, లోపలి రేణువులు రెండోదానిలో బాగా తెలుస్తాయి. రెండూ ఉండాలి.

సూదిలో మిగిలినదాన్ని పారబోయకండి. ఒకసారి గుచ్చినదాన్ని అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు సెలైన్‌లో కడిగి పక్కన పెడితే దాంట్లో క్యాల్సిటోనిన్, పారాథార్మోన్ కొలవచ్చు. కణాలు ఎలా కనిపించినా, ఆ నీళ్ళలో పారాథార్మోన్ విపరీతంగా ఉందంటే అది పారాథైరాయిడే. ఉరవకొండ ఆవిడ విషయంలో నేను పారబోసింది ఆ నీళ్ళే. ఇంకో గుచ్చు ఫార్మలిన్‌లో వేసి సెల్ బ్లాకు చేస్తే తర్వాత ప్రత్యేక రంగులు వేసుకోవడానికి సరుకు ఉంటుంది.

గడ్డ పారాథైరాయిడ్ క్యాన్సర్ కావచ్చని ముందే గట్టి అనుమానం ఉంటే, అంటే క్యాల్షియం 14 దాటి గడ్డ చేతికి గట్టిగా తగులుతుంటే, సూది వేయకండి. సూది దారిలో కణాలు రాలే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: ‘ఇది ఏమిటి’ కన్నా ముందు ‘ఇది దేనిలా ఉంది’

2023లో వచ్చిన బెథెస్డా (థైరాయిడ్ సూది పరీక్ష రిపోర్టు రాసే పద్ధతి) మూడో కూర్పు సూది పరీక్ష ఫలితాలను ఆరు వర్గాలుగా చూస్తుంది. ఆరో వర్గం ‘క్యాన్సర్’. దానిలో పడ్డ గడ్డలు సగటున 97 శాతం నిజంగా క్యాన్సరే అవుతాయి. మిగిలిన మూడులో ఏముంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? కొన్ని మనం ఇప్పుడు మాట్లాడుకోబోయేవే. పైగా, క్యాన్సర్ అన్నది సరిపోయినా, ఏ క్యాన్సర్ అన్నది తప్పితే వైద్యం మొత్తం తప్పుతుంది.

అందుకే స్లైడు చూడగానే నాలుగు బుట్టల్లో ఒకదానిలో వేసుకుంటాను. పాపిల్లరీలా ఉంది, ఫాలిక్యులర్‌లా ఉంది, మెడ్యులరీలా ఉంది, అనాప్లాస్టిక్‌లా ఉంది. ప్రతి బుట్టలోనూ దాక్కునేవాళ్ళు వేరు.

పాపిల్లరీ బుట్ట. ఇక్కడి పెద్ద మోసగాడు హైలినైజింగ్ ట్రాబెక్యులర్ ట్యూమర్. 1987లో కార్నీ బృందం దీన్ని విడిగా వర్ణించింది. కేంద్రకంలో గాడులుంటాయి, బుడగలుంటాయి. నిజానికి పాపిల్లరీలో కన్నా ఎక్కువే ఉంటాయి. అదే మొదటి పొసగని సంగతి. ప్రతి రెండో కణంలో బుడగ కనిపిస్తుంటే సంబరపడకుండా అనుమానించండి. పాపిల్లే, అంటే వేళ్ళలా పొడుచుకొచ్చిన కణాల మడతలు, ఉండవు, చక్కగా పరిచిన పలకల్లాంటి కణాల గుంపులు ఉండవు. కణాలు ఒక గులాబీ రంగు గాజులాంటి ముద్ద చుట్టూ చేరి ఉంటాయి. కణం లోపల కేంద్రకం పక్కన చిన్న పసుపు బొట్టు కనిపించవచ్చు. ఆ గులాబీ ముద్దను కొల్లాయిడ్ అనుకుంటే పాపిల్లరీ అవుతుంది, అమైలాయిడ్ (మెడ్యులరీలో పేరుకునే ప్రొటీన్) అనుకుంటే మెడ్యులరీ అవుతుంది. రెండూ కాదు.

తేడా తెలియకపోతే నష్టం పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో ఇది తక్కువ ప్రమాదమున్న కణితుల్లో ఉంది. సగం థైరాయిడ్ తీస్తే సాధారణంగా సరిపోతుంది. పాపిల్లరీ అని రాస్తే మొత్తం థైరాయిడ్, ఒక్కోసారి మెడ గడ్డలు కూడా తీసేసి, రేడియో అయోడిన్ ఇచ్చి, జీవితాంతం మాత్ర మింగిస్తారు.

దీన్ని పట్టించే తమాషా పరీక్ష ఒకటుంది. కీ-67 అనే రంగు మామూలుగా కేంద్రకంలో పడుతుంది. ఈ గడ్డలో మాత్రం ఎంఐబీ-1 అనే క్లోన్ వాడితే కణం అంచున, గోడ మీద పడుతుంది. షరతు: అదే క్లోన్ వాడాలి, గది ఉష్ణోగ్రత దగ్గర చేయాలి. 37 డిగ్రీల వద్ద నడిచే ఆటోమేటిక్ యంత్రంలో ఆ గోడ రంగు రాకపోవచ్చు. పుస్తకంలో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసినవాళ్ళు అనంతపురం మే నెల చూసి ఉండరు. ఏసీ వేసి, థర్మామీటరు చూసుకుని చేయండి. అంతకన్నా గట్టి సాక్ష్యం కావాలంటే పాక్స్8-గ్లిస్3 అనే జన్యు అతుకు, 2019లో బయటపడింది. అది పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది.

రెండోది క్రిబ్రిఫార్మ్ మోరులార్ కార్సినోమా. దాదాపు అందరూ యువతులే. గడ్డలు ఒకటి కన్నా ఎక్కువ ఉండవచ్చు. పొడవాటి కణాలు, జల్లెడలా రంధ్రాలు, ఆ రంధ్రాల్లో కొల్లాయిడ్ ఉండదు, అక్కడక్కడా కణాలు సుడి తిరిగిన గుంపులు. కొల్లాయిడ్ లేకపోవడమే ఇక్కడ పొసగనిది. ప్రత్యేక రంగులు వేస్తే థైరోగ్లోబ్యులిన్ నెగటివ్, బీటా కెటెనిన్ కేంద్రకంలోకి చేరుతుంది, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ రిసెప్టర్లు పాజిటివ్. ఈ పేరు రాస్తే పని అయిపోలేదు, అప్పుడే మొదలవుతుంది. వీళ్ళలో చాలామందికి పెద్దపేగులో వందలకొద్దీ పాలిప్స్ వచ్చే వంశపారంపర్య జబ్బు, అంటే ఏపీసీ జన్యువులో లోపం, ఉంటుంది. గొంతు గడ్డే దాని మొదటి కబురు కావచ్చు. రిపోర్టులో కొలొనోస్కోపీ, జన్యు పరీక్ష సూచించాలి. పాతికేళ్ళ అమ్మాయి గొంతు పరీక్షకు వస్తే పేగు పరీక్ష చేయించుకోమనడం ఇంట్లోవాళ్ళకు వింతగా ఉంటుంది. ఓపిగ్గా కూర్చుని చెప్పాలి.

లాంగర్‌హాన్స్ హిస్టియోసైటోసిస్‌లోనూ కేంద్రకానికి గాడి ఉంటుంది. చుట్టూ ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉంటే, మనిషి లీటర్లకు లీటర్లు నీళ్ళు తాగుతుంటే గుర్తు తెచ్చుకోండి. సీడీ1ఏ, లాంగరిన్ అనే రంగులు తేలుస్తాయి.

ఫాలిక్యులర్ బుట్ట. పారాథైరాయిడ్, కిడ్నీ నుంచి పాకినది. ఈ రెంటి కథలూ పైన చెప్పేశాను. కిడ్నీదైతే సూదిలో రక్తం ఎక్కువగా వస్తుంది, కణాల లోపలి భాగం కడిగినట్టు తెల్లగా ఉంటుంది. అంత తెల్లటి కణం థైరాయిడ్‌లో కనిపిస్తే చొక్కా పైకెత్తి చూడండి.

మెడ్యులరీ బుట్ట. దీని గొడవ తిరకాసుగా ఉంటుంది. మెడ్యులరీయే మిగతా అన్నిటి వేషాలూ వేస్తుంది. గుండ్రంగా, కదురులా పొడవుగా, ఫాలికిల్స్‌లా, కేంద్రకంలో బుడగలతో పాపిల్లరీలా, ఎలాగైనా కనిపిస్తుంది. సూది పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే దొరుకుతాయి. కేంద్రకంలో బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు చుక్కలు, ఒకదానికొకటి అతుక్కోని కణాలు, జీమ్సాలో ఎర్రటి సన్న రేణువులు ఆనవాళ్ళు. అనుమానం వస్తే రక్తంలో క్యాల్సిటోనిన్ చేయించండి. 100 పికోగ్రాములు దాటితే గట్టిగా మెడ్యులరీ వైపే మొగ్గాలి. అంతకన్నా తక్కువ పెరుగుదలకు కిడ్నీ వైఫల్యం, రోజూ మింగే గ్యాస్ మాత్రలు కూడా కారణం కావచ్చు. నమూనా తీసిన వెంటనే ఐసులో పెట్టి, సీరం వేరుచేసి, ఫ్రీజ్ చేసి పంపాలి. ఎండలో బైకు డిక్కీలో గంట తిరిగిన ట్యూబులోంచి వచ్చే తక్కువ అంకెను నమ్మవద్దు.

మెడ్యులరీ తేలితే నాలుగింట ఒకటి వంశపారంపర్యం. అందుకే అందరికీ రెట్ జన్యు పరీక్ష, లోపముంటే పిల్లలకూ. ఆపరేషన్ ముందు అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా లేదని మెటానెఫ్రిన్ల పరీక్షతో తేల్చుకోవాలి. లేకపోతే మత్తు ఇచ్చాక బీపీ ఎగిరి బల్ల మీదే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క కారణానికే మెడ్యులరీని ముందుగా పట్టుకోవాలి.

దానిలా కనిపించి కానిది పారాగాంగ్లియోమా. చాలా అరుదు, ఎక్కువగా ఆడవాళ్ళలో. క్రోమోగ్రానిన్, సినాప్టోఫిజిన్ రెండూ పాజిటివ్ రావడం చూసి మెడ్యులరీ అని రాసేస్తారు. క్యాల్సిటోనిన్, కెరటిన్, టీటీఎఫ్-1 మూడూ నెగటివ్ అయితే ఆగండి. గూళ్ళు గూళ్ళుగా ఉన్న కణాల చుట్టూ ఎస్100 పడే సన్నటి కణాలు కనిపిస్తాయి.

అనాప్లాస్టిక్ బుట్ట. నిలబడి ఆలోచించాల్సింది ఇక్కడ. అనాప్లాస్టిక్, అంటే నెలల్లో ప్రాణం తీసే థైరాయిడ్ క్యాన్సర్, అన్న మాటతో కుటుంబాలు మనిషిని ఇంటికి తీసుకెళ్ళిపోతాయి.

కళ్యాణదుర్గం వైపు నుంచి డెబ్బై ఏళ్ళ అవ్వ. ఆరు వారాల్లో మెడ మొత్తం నిండిపోయింది, గొంతు బొంగురు, పడుకుంటే ఊపిరాడదు. ఎక్కడో సూది పరీక్ష చేసి ‘అనాప్లాస్టిక్ కావచ్చు’ అన్నారు, ఇంక చేసేదేమీ లేదన్నారు. అవ్వకు పన్నెండేళ్ళుగా హషిమోటో థైరాయిడ్ జబ్బు, మాత్ర మింగుతోంది. అదే పొసగనిది. హషిమోటో ఉన్న ముసలి ఆడమనిషికి వారాల్లో గడ్డ పెరిగితే ముందు లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) గుర్తుకు రావాలి. ముక్క పరీక్ష చేస్తే మొదటిసారి చచ్చిన కణాలే వచ్చాయి. ఆరా తీస్తే, ఆయాసం తగ్గడానికి దారిలో ఎవరో మూడు రోజులు డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారట. స్టెరాయిడ్ లింఫోమాను మంచులా కరిగిస్తుంది, ఆనవాలు లేకుండా. ఆపి, కొన్నాళ్ళకు మళ్ళీ ముక్క తీస్తే సీడీ45, సీడీ20 పాజిటివ్, కెరటిన్ నెగటివ్. పెద్ద బి-కణ లింఫోమా. దీనికి థైరాయిడ్ తీసే ఆపరేషనే అక్కర్లేదు, కీమోతో, అవసరమైతే రేడియేషన్‌తో తగ్గుతుంది.

అందుకని వేగంగా పెరిగిన గడ్డకు సన్న సూదితో సరిపెట్టకుండా కోర్ బయాప్సీ తీయండి. ఒక ముక్క ఫార్మలిన్‌లో, వీలుంటే ఒకటి తాజాగా ఫ్లో సైటోమెట్రీకి. స్టెరాయిడ్ వేసేది ముక్క తీశాకే. ఊపిరి నిజంగా ఆడకపోతే ప్రాణమే ముందు, ఏం వేశారో ఎప్పుడు వేశారో కాగితం మీద రాసి పంపండి చాలు.

ఇదే బుట్టలో ఇంకొకరు థైరాయిడ్‌లో పుట్టే థైమస్ తరహా కార్సినోమా, పాతపేరు క్యాజిల్. 1985లో జపాన్ నుంచి మియౌచి బృందం మొదట వర్ణించింది. సాధారణంగా థైరాయిడ్ కిందిభాగంలో పుడుతుంది, పొలుసు కణాల క్యాన్సర్‌లా కనిపిస్తుంది. పొలుసు కణాల క్యాన్సర్ థైరాయిడ్‌లోనే పుట్టిందంటే 2022 వర్గీకరణ దాన్ని అనాప్లాస్టిక్ కిందే లెక్కేస్తుంది. కాబట్టి క్యాజిల్‌ను తప్పిపోనిస్తే, ఆపరేషన్‌తో, రేడియేషన్‌తో ఏళ్ళపాటు బతికే మనిషికి నెలల లెక్క చెప్పినట్టే. సీడీ5, సీడీ117, పీ63 పాజిటివ్, టీటీఎఫ్-1, థైరోగ్లోబ్యులిన్ నెగటివ్ అయితే ఆ పేరు. సీడీ5 అడగకపోతే ఎప్పటికీ దొరకదు. పక్కనున్న అన్నవాహిక, స్వరపేటిక, ఊపిరితిత్తి నుంచి పాకలేదని స్కానింగ్‌తో, ఎండోస్కోపీతో చూసుకోవాలి.

చివరికి అది నిజంగా అనాప్లాస్టిక్ అని తేలినా బీఆర్ఏఎఫ్ వి600ఈ పరీక్ష అడగండి. ఆ మార్పు ఉన్నవాళ్ళకు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మనే రోజులు కావు.

నాలుగో మెట్టు: ప్రత్యేక రంగులు, వాటి అబద్ధాలు

ఒక్కో ఇమ్యునో రంగుకూ డబ్బు పెట్టేది రోగి ఇంటివాళ్ళు. పదిహేను రంగుల జాబితా రాసివ్వడం తెలివి కాదు. ముందు నాలుగు చాలు: థైరోగ్లోబ్యులిన్, టీటీఎఫ్-1, పాక్స్8, క్యాల్సిటోనిన్. వాటి ఫలితం చూసి మిగతావి. మొదటి మూడూ పాజిటివ్ అయితే ఇంటి మనిషే. క్యాల్సిటోనిన్ నిండుగా పడి థైరోగ్లోబ్యులిన్ పడకపోతే మెడ్యులరీ, టీటీఎఫ్-1 దానిలోనూ పడవచ్చు. నాలుగూ నెగటివ్ అయితే బయటివాళ్ళు, లింఫోమా, క్యాజిల్, పారాథైరాయిడ్ వైపు చూడాలి. పారాథైరాయిడ్‌కు పీటీహెచ్, గాటా3 వేయండి.

ఈ రంగులూ అబద్ధమాడతాయి. పాక్స్8 కిడ్నీ క్యాన్సర్‌లోనూ పాజిటివ్, కాబట్టి పాక్స్8 ఒక్కదాన్ని చూసి ‘థైరాయిడే’ అనకూడదు. గుత్తి పెద్దాయన స్లైడులో అది నిండుగా పడింది. టీటీఎఫ్-1, థైరోగ్లోబ్యులిన్ పడలేదు, సీడీ10, సీఏఐఎక్స్ పడ్డాయి, అప్పుడే తేలింది. టీటీఎఫ్-1 ఊపిరితిత్తి క్యాన్సర్‌లోనూ పాజిటివ్. దానికి నాప్సిన్ ఏ వేసి చూడాలి. థైరోగ్లోబ్యులిన్ మరీ దొంగది. చుట్టుపక్కల థైరాయిడ్ నుంచి కారి, పాకి వచ్చిన కణాల అంచుల్లోకి ఇంకుతుంది. గడ్డ అంచున మాత్రమే రంగు పడి నడిమధ్యన లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

అమైలాయిడ్‌ను పట్టే రంగు కాంగో రెడ్‌కు సెక్షన్ కాస్త మందంగా, 8 నుంచి 10 మైక్రాన్లు కోయాలి. పలచగా కోసి నెగటివ్ అనేవాళ్ళను చాలామందిని చూశాను. పోలరైజర్ కింద పచ్చి ఆపిల్ రంగు మెరుపు వస్తేనే అమైలాయిడ్.

ఐదో మెట్టు: రిపోర్టు రాయడం, బ్లాకు పంపడం

తేలకపోతే తేలలేదని రాయండి. ‘కేంద్రకంలో బుడగలు చాలా ఎక్కువ, పాపిల్లే లేవు, గులాబీ రంగు పదార్థం ఉంది. హైలినైజింగ్ ట్రాబెక్యులర్ ట్యూమర్ కావచ్చు. తేలేవరకు మొత్తం థైరాయిడ్ తీయవద్దని సూచన’ అన్న నాలుగు ముక్కలు సర్జన్‌కు ‘ఐదో వర్గం’ (క్యాన్సర్ అనుమానం) అన్న అంకె కన్నా ఎక్కువ చెబుతాయి. ఫోన్ కూడా చేయండి. మన దగ్గర సర్జన్లు రిపోర్టు చివరి వరుసే చదువుతారు. తప్పు వాళ్ళది కాదు, ఓపీలో ఆ రద్దీ అట్లాంటిది.

రోగి తరఫువాళ్ళకు: రెండో అభిప్రాయం అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయపడకండి. మీకు కావలసింది రిపోర్టు జిరాక్సు కాదు. అసలు స్లైడులు, మైనంలో పోసిన బ్లాకులు. ఇచ్చినవాటి నంబర్లు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. బ్లాకు మీద నంబరూ, రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని ల్యాబులోనే సరిచూసుకోండి. వాటితోపాటు స్కానింగ్, క్యాల్షియం, థైరాయిడ్ రక్తపరీక్షలు, పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, అది ఇరవై ఏళ్ళ క్రితందైనా సరే, పెట్టండి. బెంగళూరు కిద్వాయ్‌కి వెళ్ళినా, వెల్లూరు సీఎంసీకి వెళ్ళినా, తిరుపతి స్విమ్స్‌కు వెళ్ళినా అక్కడివాళ్ళు మొదట అడిగేది ఇవే.

బ్లాకుల మైనం 56, 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు, బస్సు టాపు మీద సామాను, సీటు కింద ఇంజను పక్క చోటు, వేసవిలో అవి మెత్తబడటానికి చాలు. మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్న బ్లాకులు నా చేతికే రెండుసార్లు వచ్చాయి. ఒక్కోదాన్ని విడిగా దూదిలో చుట్టి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, స్లైడులకు వేరే డబ్బా. రాత్రి బస్సు ఎక్కండి, ఆ డబ్బా పైన సామాను అరలో కాదు, ఒళ్ళో పెట్టుకోండి.